అప్‌డేట్: కిటికీలు మార్చేశాం, అసలు కథంతా కొటేషన్ల దగ్గరే

అరసవల్లిలో మా ఇంటికి చెదలు పట్టిన చెక్క కిటికీలు తీసేసి యూపీవీసీవి (గట్టి ప్లాస్టిక్‌వి) పెట్టించాలనుకుంటున్నాం, ఎవరి వారంటీ నమ్మాలి అని అడిగాను కదా. మొత్తం మూడు కొటేషన్లు తీసుకున్నాం, రెండు శ్రీకాకుళంలో, ఒకటి విశాఖ నుంచి.

అందరికన్నా తక్కువ చెప్పినాయన చదరపు అడుగు 520 అన్నాడు. తీరా చూస్తే దోమల మెష్, బిగింపు కూలి, 18 శాతం జీఎస్టీ అన్నీ విడిగా! కలిపితే రెండో ఆయన రేటు దాటిపోయింది. పదేళ్ల వారంటీ కూడా ప్రొఫైల్ (ఫ్రేమ్ చేసే ప్లాస్టిక్ పట్టీ) రంగు మారకుండా ఉండటానికేనట. రోలర్లు, లాకులకు ఏడాదే. మరి ఫ్రేమ్ పక్కనుంచి నీళ్లు కారితే? "అది మేస్త్రీ పనండీ" అన్నాడు. 2018లో తిత్లీ తుపాను రాత్రి గదిలో బకెట్లు పెట్టుకుని కూర్చున్నవాళ్లం, మాకు కావాల్సిందే ఆ లీకేజీ వారంటీ.

చివరికి రెండో ఆయనకే ఇచ్చాం. శాంపిల్ ముక్క కోసి లోపల బలానికి పెట్టిన జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) రాడ్ చూపించాడు. మా నాన్నగారు ఊరుకోకుండా అయస్కాంతం పెట్టి మరీ చూశారు. లీకేజీకి రెండేళ్ల బాధ్యత బిల్లు మీదే రాయించుకున్నాం.

మొన్నటి వానకి హాల్లో చుక్క పడలేదు. వంటింటి కిటికీ మాత్రం జరపడానికి బిగువుగా ఉంది, మనిషిని పంపిస్తానన్నాడు.