బోరు నీళ్లకు పసుపుబారుతున్న పొట్టి నూరువరహాలు: మట్టి మార్చాలా?

మాది చెన్నై, వేళచ్చేరి. మూడో అంతస్తు మేడ మీద పడమటి గోడ పక్కన, 12 అంగుళాల సిమెంటు కుండీలో పొట్టి రకం నూరువరహాలు (ఎర్ర పూలది) ఉంది. ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు కలిపి వేశాం. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు దాకా నేరుగా ఎండ.

ఏప్రిల్ నుంచి కొత్త చిగుళ్లు పసుపుగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటున్నాయి. ముదురు ఆకులు బాగానే ఉన్నాయి. మొగ్గలు గుత్తులుగా వేసి, విచ్చకముందే ఎండి రాలుతున్నాయి. పిండినల్లి, పేను ఏవీ కనిపించలేదు.

నీళ్లు బోరువే. బకెట్టు అంచున తెల్లటి సున్నం పొర కడుతుంది. కిట్‌తో చూస్తే నీళ్ల పీహెచ్ 8 దాటింది, మట్టిది 7.8. ఈ మొక్కకు కాస్త పుల్లటి (పీహెచ్ 7 కన్నా తక్కువ) మట్టి కావాలి కాబట్టి ఇనుము అందడం లేదని నా అనుమానం.

50 శాతం షేడ్ నెట్ కట్టాక ఆకుల అంచులు మాడడం తగ్గింది, పసుపు తగ్గలేదు. ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) ఇచ్చినా మార్పు లేదు. అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్) పిచికారీ చేస్తే పాత చిగుళ్లు కాస్త పచ్చబడ్డాయి, తర్వాత వచ్చినవి మళ్లీ పసుపే. పుల్ల మజ్జిగ పోయమని పక్కింటి మామి చెప్పారు గానీ, చీమల భయంతో ఆగాను.

అగ్ని నక్షత్రం (ఇక్కడ మే నెలలో వచ్చే నడివేసవి) ఎండలు ఇంకా పోలేదు. ఇలాంటి ఉప్పు నీళ్లతో నూరువరహాలు పెంచినవాళ్లు చెప్పండి: ఇప్పుడే మట్టి మార్చేయాలా, లేక వానలు పడేదాకా ఈడీడీహెచ్‌ఏ రకం ఐరన్ చీలేట్ (పీహెచ్ ఎక్కువున్న మట్టిలోనూ మొక్కకు అందే ఇనుము మందు) మట్టిలో పోస్తూ నెట్టుకురావచ్చా?