‘రేర్’ అన్నా ‘హార్డ్ టు కమ్ బై’ అన్నా ఒకటేనా?

చిత్తుప్రతి: పాత ప్రింటర్‌కి కావలసిన ఒక పార్టు ఎక్కడా దొరకడం లేదని రిపోర్టులో ‘దిస్ పార్ట్ ఈజ్ రేర్’ అని రాశాను. మా టీమ్ లీడ్ ‘రేర్’ కొట్టేసి ‘హార్డ్ టు కమ్ బై’ అని దిద్దింది. ఒక్క మాటతో పోయేదానికి నాలుగు మాటలు! ఇది స్టైల్ పిచ్చి తప్ప మరేం కాదని నా వాదన. కాదంటారా?

అక్షరపిపాసి: కాదనే అంటాను. రేర్ అంటే అసలు ఉన్నదే తక్కువ. హార్డ్ టు కమ్ బై అంటే ఎన్ని ఉన్నా వెతికేవాడి చేతికి చిక్కవు. మొదటిది వస్తువు సంగతి, రెండోది మన అవస్థ. ‘రేర్ డిసీజ్’ అంటారు కదా, దాన్నే ‘హార్డ్ టు కమ్ బై’ అంటే నవ్వుతారు. జబ్బు కోసం ఎవరు వెతుక్కుంటారు? ఫైనల్ మ్యాచ్ టికెట్లు వేలల్లో అచ్చవుతాయి, రేర్ ఎలా అవుతాయి? అయినా దొరకడం గగనమే.

మొండిఘటం: జబ్బు ఉదాహరణ చెల్లదండీ. అక్కడ అడ్డొచ్చింది వ్యాకరణం. ‘రేర్’ నామవాచకం ముందు కూర్చుంటుంది, ఆ నాలుగు మాటలు కూర్చోవు. పైగా ‘రేర్ ఎర్త్’ మూలకాల మాటేమిటి? వాటిలో సీరియం భూమి పైపొరలో దాదాపు రాగి ఉన్నంత ఉంది. మరి రేర్ అని ఎందుకన్నట్టు?

అక్షరపిపాసి: హైఫన్లు పెడితే శుభ్రంగా కూర్చుంటాయి. ‘హార్డ్-టు-కమ్-బై టికెట్స్’ అని రాస్తారు, జబ్బు ముందు మాత్రం పెట్టరు. రేర్ ఎర్త్ దెబ్బ ఒప్పుకుంటున్నా. 1787లో స్వీడన్‌లోని ఇటర్బీ దగ్గర దొరికిన నల్లరాయితో మొదలైన కథ అది. అప్పట్లో అరుదనుకుని ఆ పేరు పెట్టారు. తీరా చూస్తే ఉన్నాయిగానీ ఒకచోట పోగుపడి ఉండవు, ఒకదాన్నుంచి ఒకటి విడదీయడం మహా తలనొప్పి. ఆ పేరు దిద్దాలన్నా మీ టీమ్ లీడ్‌నే పిలవాలి.

కలికం: ‘స్కేర్స్’ని మర్చిపోయారు. అవసరానికి చాలకపోతే అది స్కేర్స్. ఎండాకాలం నీళ్లు స్కేర్స్ అవుతాయి, రేర్ కావు. మనం అన్నిటికీ ‘అరుదు’ అని తగిలించేస్తాం, గొడవంతా అక్కడే. ‘కరువు’, ‘కలికానికి కూడా దొరకదు’ మనకీ ఉన్నాయిగా! నాకు బాగా నచ్చేది ‘స్కేర్స్ యాజ్ హెన్స్ టీత్’, 19వ శతాబ్దపు అమెరికా మాట. కోడికి పళ్లెక్కడివి?

మొండిఘటం: అంటే మన కుందేటి కొమ్మే.

కలికం: పూర్తిగా కాదు. కుందేటి కొమ్ము అంటే లేనే లేదని. కోడిపళ్ల మాట అతిశయోక్తి, వెతికితే ఒకటో రెండో దొరకొచ్చు. బ్రిటన్‌లో ‘లైక్ గోల్డ్ డస్ట్’ అంటారు. అందులో అందరూ ఎగబడుతున్నారన్న ధ్వని కూడా ఉంది.

చిత్తుప్రతి: జబ్బు దగ్గరే ఓడిపోయాను. మా లీడ్ చెప్పినట్టే దిద్ది, ‘హార్డ్ టు గెట్ బై’ అని పంపేశాను.

అక్షరపిపాసి: అయ్యో, గెట్ బై కాదు, కమ్ బై! గెట్ బై అంటే ఉన్నదాంతో నెట్టుకురావడం. పాపం ఆ పార్టుకి బతుకు భారమైందనుకుంటారు, ముందు ఆ మెయిల్ వెనక్కి తీసుకోండి.