కనుమకి బాబాయిని భోజనానికి పిలవొచ్చా?

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. 1996 నవంబరు 6 తుపానుకి మా ఉమ్మడి కొబ్బరితోట సగానికి పైగా నేలకూలింది. పడిన చెట్లూ కాయలూ అమ్మిన డబ్బుతో బాబాయి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. కొబ్బరి మొక్క వేస్తే కాపుకి రావడానికి ఆరేడేళ్లు. అన్నాళ్లూ నాన్న పరాయి తోటల్లో చెట్టెక్కి కాయలు దింపేవాళ్ల వెనకాల తిరిగి అవి పోగేసేవారు.

నాన్న ఇప్పుడు లేరు. మొన్న బాబాయి వచ్చి అరుగు మీదే కూర్చున్నాడు. చేతులు వణుకుతున్నాయి. "వదినా, కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థానికొస్తాను, ఇంటికి రానా?" అన్నాడు. అమ్మ మంచినీళ్ల గ్లాసు పెట్టి లోపలికెళ్లిపోయింది. భోంచేసి వెళ్లమనలేదు. మా వైపు ఆ మాట అనలేదంటే చిన్న విషయం కాదండి.

నాకైతే కోపం పోయింది. అప్పుల విషయంలో నేనూ అబద్ధాలాడినవాడినే, అమ్మకి తెలీదు. కానీ ఎక్కువ కష్టపడింది ఆవిడ. ఆవిడ తరఫున నేను క్షమించేయడం న్యాయమేనా? బాబాయిని ముందు తప్పు ఒప్పుకోమనాలా, లేక పాత సంగతి ఎత్తకుండా విస్తరి వేసేయాలా? మీ ఇళ్లల్లో ఇలాంటిది జరిగితే పెద్దవాళ్లతో మాట ఎలా కదిపారు? కనుమ ఇంకా పదిహేను రోజులే, టెన్షన్‌గా ఉంది.