అప్పు కింద చేసిన చాకిరీని కూడా బానిసత్వం అనాలా?

పాత_సంపుటం

వెట్టి, గిర్మిట్ (కొన్నేళ్ల ఒప్పందం మీద పరాయి దేశాల తోటలకు తీసుకెళ్లి చేయించిన కూలి), అప్పు కింద చాకిరీ, రష్యాలో రైతుల్ని దొర భూమికి కట్టేసి 1861 దాకా నడిపిన భూదాస్యం... ఈ మధ్య వీటన్నిటికీ ఒకటే మాట వాడేస్తున్నారు, బానిసత్వం అని. ఇది తప్పని నా అభిప్రాయం. బానిస అంటే ఇంకొకరి ఆస్తి. అమ్మొచ్చు, తాకట్టు పెట్టొచ్చు, వీలునామాలో రాయొచ్చు. ఐక్యరాజ్య సమితికి ముందున్న నానాజాతి సమితి 1926లో చేసిన ఒప్పందం చెప్పింది కూడా అదే: ఒక మనిషి మీద యాజమాన్య హక్కుకు చెందిన అధికారాలను ఇంకొకరు చలాయించే స్థితే బానిసత్వం.

అప్పుకు పనిచేసేవాడి సంగతి వేరు. ప్రాచీన బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనంలో 117వ సూత్రం చూడండి. అప్పు తీర్చలేక భార్యనో బిడ్డనో అప్పగిస్తే మూడేళ్లు పనిచేయించుకుని నాలుగో ఏట వదిలెయ్యాలి. అదే శాసనం, పారిపోయిన బానిసను ఇంట్లో దాచినవాడికి మరణశిక్ష వేసింది. ఈ రెండూ ఒకటి కావని అంత పాతకాలం వాళ్లకే తెలుసు.

రెండో_షిఫ్ట్

మూడేళ్లని రాశారు, సరే. ఆ లెక్క ఎవరి దగ్గర ఉంటుంది? అప్పిచ్చినవాడి దగ్గరే కదా!

మీరు చెప్పే గీత అంత గట్టిదైతే ఏథెన్స్‌లో ఏం జరిగింది? అక్కడ ఒంటినే తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకునేవాళ్లు. తీర్చలేకపోతే పరాయి దేశాలకు అమ్మేసేవాళ్లు. క్రీ.పూ. 594లో అక్కడి పాలకుడు సోలోన్ ఆ పద్ధతినే రద్దు చేయాల్సి వచ్చింది. అంటే నిన్నటి అప్పులవాడే ఇవాళ బానిస. మధ్యలో మీ గీత ఎక్కడుంది?

నా సంగతి కూడా చెప్తాను. కొన్నేళ్ల కింద వేరే దేశంలో ఒక గోదాములో పనిచేశాను. దిగిన రోజే పాస్‌పోర్టు తీసేసుకున్నారు. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పుకు ఇక్కడ వడ్డీ పెరుగుతోంది, అక్కడ నాలుగు నెలల జీతం ఆపేశారు. పద్నాలుగు నెలలు అలా గడిచింది. నన్ను ఎవరూ కొనలేదు. కానీ నేను కదల్లేను. దానికి ఏం పేరు పెట్టాలో మీరే చెప్పండి.

గవ్వలు

ఆస్తి అనే కొలత నాకూ సరిపోయినట్టు లేదు. 1250 నుంచి 1517 దాకా ఈజిప్టును ఏలిన మమ్లూకులు బానిసలుగా కొని తెచ్చినవాళ్లే. మాలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి, చివరికి అహ్మద్‌నగర్ రాజ్యాన్నే నడిపాడు.

పాత_సంపుటం

గవ్వలు గారూ, కొందరు పైకి వచ్చారు కాబట్టి మిగతావాళ్లది బానిసత్వం కాకుండా పోదు. అదే ఇస్లామిక్ ప్రపంచంలో బస్రా దగ్గర ఉప్పు నేలలు చదును చేయించిన జంజ్ అనే ఆఫ్రికా బానిసలు 869లో తిరగబడి పద్నాలుగేళ్లు పోరాడారు.

రెండో_షిఫ్ట్ గారూ, మీకు జరిగింది అన్యాయమే, నేరమే, కాదనను. కానీ ఆ 1926 ఒప్పందానికి 1956లో చేర్చిన అనుబంధ ఒప్పందం పేరు చదవండి. అందులో బానిసత్వాన్ని వేరుగా, 'బానిసత్వాన్ని పోలిన పద్ధతుల'ను వేరుగా పెట్టారు. అప్పు చాకిరీ రెండోదాంట్లో ఉంది. పోలినది అంటే అది కాదనే అర్థం.

ఒక్క ప్రశ్న అడుగుతాను. మీరు సంతకం పెట్టే వెళ్లారు కదా?

రెండో_షిఫ్ట్

ఈ ప్రశ్న నన్ను రాయబార కార్యాలయంలో అడిగారు, తిరిగొచ్చాక పోలీసులు అడిగారు, ఏజెంటు అడిగాడు. ఇప్పుడు మీరు. సంతకం ఉంది కాబట్టి నా ఫిర్యాదు ఎవరూ రాసుకోలేదు. మీకు 1956 ఒప్పందం పేరులో ఒక్క మాట దొరికింది, దాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. అదే ఒప్పందం ఆ పద్ధతుల్ని కూడా నిర్మూలించాలంది, అది మాత్రం వదిలేశారు.

విత్తులబుట్ట

అసలు ఇంత గొడవ ఎందుకు? అందరూ చేసిన పనే ఇది. మనుస్మృతిలో ఏడు రకాల దాసుల్ని చెప్పారు. కొరియాలో 1894 దాకా ఉంది. ఆఫ్రికా రాజులే అమ్మారు, అరబ్బులు కొన్నారు, యూరపువాళ్లు కొన్నారు. అన్ని చోట్లా ఉన్నదానికి ఒక్కళ్లని వేలెత్తి చూపడం అన్యాయం.

పాత_సంపుటం

ఇదిగో, నేను భయపడింది దీనికే! అన్నిటినీ ఒకే సంచిలో వేస్తే చివరికి తేలేది ఈ మాటే. 'అందరూ చేశారు, కాబట్టి ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు.'

అందరూ చేసింది ఒకటి కాదు. రోములో పౌరుడు తన బానిసను చట్టప్రకారం విడిచిపెడితే వాడు రోమ్ పౌరుడయ్యేవాడు. వర్జీనియాలో 1662లో చేసిన చట్టం ఏం చెప్పిందో చూడండి: బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టే. తండ్రి తెల్ల యజమానే అయినా సరే, బానిస తల్లికి పుడితే బిడ్డ బానిస. ఒంటి రంగు చూసి మనిషి హోదా చెప్పే ఏర్పాటు అలా తరతరాలకూ పాతుకుపోయింది. సుమారు 1 కోటి 25 లక్షల మందిని ఆఫ్రికా తీరంలో ఓడలెక్కించారు. దిగినవాళ్లు 1 కోటి 7 లక్షలు. 1781లో జాంగ్ అనే ఓడ నుంచి 130 మందికి పైగా సముద్రంలోకి తోసేశారు. ఆ తర్వాత కోర్టులో నడిచింది హత్య కేసు కాదు, బీమా డబ్బుల దావా. సరుకు పోయిందని!

ఇదీ బానిసత్వమే, జీతం ఆపడమూ బానిసత్వమే అంటే ఆ ఓడలో చచ్చినవాళ్లకి మనం చేస్తున్నదేమిటి?

కొండదారి

అమెరికా 1865 రాజ్యాంగ సవరణ కూడా బానిసత్వాన్ని పూర్తిగా తీసెయ్యలేదు. నేరానికి శిక్షగా అయితే పర్వాలేదని అందులోనే రాసుకుంది.

రెండో_షిఫ్ట్

పాత_సంపుటం గారూ, ఇంతసేపటికి అసలు సంగతి చెప్పారు. ఇది మొదటే చెప్పి ఉంటే నేను ఇంత కోప్పడేవాణ్ని కాదు.

కానీ మీ జాంగ్ ఓడనే తీసుకుందాం. వాళ్లకు బీమా ఉందంటే వాళ్లకో ధర ఉందన్నమాట. మీ కొలత యజమాని ఖాతా పుస్తకంలోంచి వచ్చింది. పుస్తకంలో ధర రాసి ఉంటేనే బానిస. బ్రిటన్ 1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసినప్పుడు ఆ పుస్తకం చూసే 2 కోట్ల పౌండ్లు ఇచ్చింది, బానిసలకు కాదు, యజమానులకు. దానికి తెచ్చిన అప్పు చివరి బాకీ 2015లో తీరింది. విడుదలైనవాళ్లకు దక్కింది 'అప్రెంటిస్' అన్న కొత్త పేరు. కరీబియన్‌లో 1834 నుంచి 1838 దాకా అదే యజమాని పొలంలో ఊరికే పనిచేశారు. మీ లెక్కన ఆ నాలుగేళ్లు వాళ్లు బానిసలు కారు, ఎందుకంటే కాగితం మారింది.

మీ భయం ఆ మాట పలచబడుతుందని. నా భయం, ఆ మాట దక్కనివాడి గోడు ఎవరూ వినరని. నాకు ధర లేదు. నేను చచ్చిపోయినా వాళ్లకి నష్టం లేదు, ఇంకొకడు వస్తాడు.

నాలుగో_తరం

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. మాది మారిషస్. అక్కడ తెలుగువాళ్లని కోరంగివాళ్లు అనేవారు, కోరంగి రేవులో ఓడెక్కి వచ్చారని. 1834 నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మంది భారతీయులు గిర్మిట్ మీద ఆ ద్వీపానికి వచ్చారు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవాళ్లు. 1867 చట్టం వచ్చాక, ఒప్పందం తీరినవాడు కూడా ఫొటో అతికించిన పాస్ జేబులో లేకుండా తిరగకూడదు.

ఇదంతా మా నాయనమ్మకి తెలుసు. అయినా ఆవిడ ముందు 'బానిసలు' అంటే ఊరుకునేది కాదు. 'మనం కాగితం మీద వచ్చాం, గడువు తీర్చాం, నేల కొన్నాం' అనేది. ఆ మాట మీరు ఆవిడకి ఇస్తానన్నా తీసుకోదు.

ఇంకోటి. మా కంటే ముందు అవే చెరకు తోటల్లో పనిచేసిన మడగాస్కర్, మొజాంబిక్ బానిసల వారసులు నాకు స్నేహితులు. మా ముత్తాత పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చ కూడా రిజిస్టరులో ఉన్నాయి. నా స్నేహితురాలికి తన ముత్తాత విషయంలో దొరికింది యజమాని పెట్టిన ఒక్క పేరు. రిజిస్టరు చూడటానికి ఇద్దరం కలిసే వెళ్లాం. బయటికొచ్చాక చాలాసేపు నేను ఏం మాట్లాడలేకపోయాను. మాది చాకిరీయే, చాలా ఘోరమైన చాకిరీ. కానీ ఆ రోజు తనకి 'మనిద్దరిదీ ఒకటే' అని చెప్పలేకపోయాను.

పాత_సంపుటం

నేను చెప్పాలనుకున్నది ఇదే, మీలా చెప్పలేకపోయాను.

రెండో_షిఫ్ట్ గారూ, ఆ సంతకం ప్రశ్న అడగకుండా ఉండాల్సింది, వెనక్కి తీసుకుంటున్నాను. అప్రెంటిస్‌ల విషయంలో మీరు చెప్పిందే నిజం, ఆ నాలుగేళ్లను నేను బానిసత్వంలోంచి తీసెయ్యలేను. మిగతా దాంట్లో మాత్రం నా మాట మీదే ఉన్నాను.

రెండో_షిఫ్ట్

ఉండండి. నేనూ నా మాట మీదే ఉన్నాను.

నాలుగో_తరం గారూ, మీ నాయనమ్మ గారి మాట నాకు అర్థమైంది. తిరిగొచ్చాక మా ఇంట్లో నేనూ ఆ మాట ఎప్పుడూ అనలేదు. పని బాలేదని వచ్చేశానన్నాను. పద్నాలుగు నెలల సంగతి మొదటిసారి రాసింది ఇక్కడే.

సంతకం గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను. కాగితాలు రెండున్నాయి. ఇక్కడ పెట్టినదాంట్లో జీతం ఎంతో ఉంది, అది చదివాను. దిగాక ఇంకోటి ఇచ్చారు, ఆ భాష నాకు రాదు. వేలు చూపించిన చోట పెట్టాను.