హైకోర్టు లాయర్‌కి ఇక్కడ పర్యావరణ కేసుల్లో చోటుందా? (ఎడిసన్‌కి కొత్తగా వచ్చాం)

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగం వల్ల ఈమధ్యే అమెరికాలో న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చాం, నేను హెచ్-4 (మావారి వర్క్ వీసా మీద భార్యకిచ్చే వీసా) మీద ఉన్నాను. హైదరాబాద్‌లో డిగ్రీ తర్వాత మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేసి, హైకోర్టులో ఒక సీనియర్ గారి దగ్గర నాలుగేళ్లు పనిచేశాను. ఎక్కువగా చెరువుల ఆక్రమణలు, ఫ్యాక్టరీల కాలుష్యం మీద వేసిన రిట్లే. ఇక్కడా అదే పని చేయాలని ఉంది. కానీ ఎవరిని అడిగినా లా వదిలేసి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకో అంటున్నారు. ఎల్ఎల్ఎం (లాలో మాస్టర్స్) చేస్తే ఏమైనా దారి ఉంటుందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు (బ్రూక్లిన్ నుంచి):

అమ్మా, టెస్టింగ్ కోర్సుకి ఇప్పుడే డబ్బు కట్టకండి. నేను ఇవే కేసులు కొన్నేళ్లు కంపెనీల తరఫున చూశాను, ఇప్పుడు నదుల కోసం పనిచేసే ఒక సంస్థ తరఫున చూస్తున్నాను, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

లైసెన్సు సంగతి ముందు చెప్పేస్తా. మీరుండేది న్యూజెర్సీలో అయినా అక్కడి బార్ పరీక్ష మన డిగ్రీతో రాయనివ్వరు, ఎల్ఎల్ఎం చేసినా అంతే. న్యూయార్క్ రాయనిస్తుంది. వాళ్లు మీ ఎల్ఎల్‌బీ కాలవ్యవధి, సబ్జెక్టులు చూసి సరిపోయిందంటే ఎల్ఎల్ఎం లేకుండానే కూర్చోవచ్చు, తక్కువైందంటే 24 క్రెడిట్ల ఎల్ఎల్ఎంతో భర్తీ చేసుకోవాలి. అందుకే ఎల్ఎల్ఎంకి అప్లై చేసే ముందే న్యూయార్క్ బార్ బోర్డుకి మీ కాగితాలు పంపి తేల్చుకోండి, అరవై, డెబ్బై వేల డాలర్ల ఫీజు అవసరమో కాదో దాంతోనే తెలుస్తుంది. మార్కుల మెమోలు యూనివర్సిటీ నుంచి నేరుగా వాళ్లకే చేరాలి, మన చేత్తో ఇస్తే తీసుకోరు, కాబట్టి హైదరాబాద్‌లో తిరిగి పని చేయించేవాళ్లు ఒకరుండాలి. పరీక్షకి ఏడాది ముందే మొదలుపెడితే టెన్షన్ ఉండదు. కాలిఫోర్నియా అయితే ఇండియాలో ఎన్‌రోల్ అయిన అడ్వకేట్‌ని ఎల్ఎల్ఎం లేకుండానే రాయనిస్తుంది, కానీ మీ సంసారం ఇక్కడ కదా.

ఇక అసలు పని. మన హైకోర్టులో పర్యావరణం కేసంటే ఆర్టికల్ 21, జీవించే హక్కు, ఆ వెంటనే ముందు జాగ్రత్త సూత్రం. జంట జలాశయాల కేసు మీకు కంఠతా వచ్చి ఉంటుంది, 1999లో సుప్రీంకోర్టులో జస్టిస్ జగన్నాథరావు గారు హాని జరగదని నిరూపించాల్సిన భారం ఫ్యాక్టరీ పెట్టేవాళ్ల మీదే ఉందన్నారు. ఆ వాదన ఇక్కడి ఫెడరల్ జడ్జి ముందు నడవదు. ఫెడరల్ రాజ్యాంగంలో మంచి గాలికీ నీటికీ హక్కంటూ రాసి లేదు, భారమంతా కేసు వేసినవాళ్లదే. ఏ చట్టం, ఏ సెక్షన్, అందులో ఏ మాట, దాన్ని ఉల్లంఘించారనడానికి ఏ కాగితం, ఇవే అడుగుతారు. 2024 జూన్‌లో లోపర్ బ్రైట్ తీర్పు వచ్చాక ఇది ఇంకా గట్టిపడింది, చట్టంలో అస్పష్టత ఉంటే ప్రభుత్వ ఏజెన్సీ చెప్పిన అర్థాన్ని కోర్టులు ఒప్పుకోవాలన్న నలభై ఏళ్ల నియమం పోయింది. ఇప్పుడు చట్టంలోని పదాల మీదే పేజీలకు పేజీలు బ్రీఫ్‌లు (కోర్టుకిచ్చే రాతపూర్వక వాదనలు) రాస్తున్నాం.

ఎడిసన్ నుంచి మాన్‌హాటన్ రైలెక్కితే నువార్క్ పెన్ స్టేషన్ దాటగానే ఒక వంతెన వస్తుంది, దాని కింద పసాయిక్ నది. మనవాళ్లు వేలమంది రోజూ దాని మీదుగానే ఆఫీసులకి వెళ్తారు. ఆ ఒడ్డున డైమండ్ ఆల్కలై అనే కంపెనీ కలుపు మందులు తయారుచేసేది, వియత్నాం యుద్ధంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ సరుకు కూడా. ఆ తయారీలో పుట్టిన డయాక్సిన్ అనే విషం నది అడుగు బురదలో చేరింది. 2016లో ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ సంస్థ) నది కింది భాగం 8.3 మైళ్ల పొడవునా బురద తవ్వి, పైన కప్పు వేయాలని నిర్ణయించింది, ఖర్చు అంచనా 138 కోట్ల డాలర్లు. ఆ డబ్బు ఎవరు పెట్టాలన్నదే ఏళ్లుగా సాగిన పోరాటం. విషవ్యర్థాలు చేరిన చోట్లని శుభ్రం చేయించే 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టం కింద తప్పు చేశారా లేదా అన్నదానితో పని లేదు, వ్యర్థం మీదైతే బాధ్యత మీదే, చట్టం రాకముందు పారబోసినా సరే. నది పొడవునా వందకు పైగా కంపెనీలు ఇందులోకి వచ్చాయి, ఎనభైకి పైగా కంపెనీలతో 15 కోట్ల డాలర్లకు కుదిరిన ఒప్పందాన్ని ప్రభుత్వం 2022 డిసెంబరులో కోర్టు ముందు పెట్టింది.

ఇలాంటి కేసులో లాయర్ రోజంతా ఏం చేస్తారంటే, పాత కాగితాలు చదువుతారు. వందేళ్ల కిందటి అగ్ని బీమా మ్యాపులుంటాయి, శాన్‌బోర్న్ మ్యాపులంటారు, ఏ షెడ్డు ఎక్కడుంది, ఏ ట్యాంకు ఎటువైపుంది అన్నీ గీసి ఉంటాయి. విమానం నుంచి తీసిన ఫొటోలు, ఈపీఏ అడిగిన ప్రశ్నలకి కంపెనీలిచ్చిన జవాబులు, కంపెనీ చేతులు మారినప్పటి అమ్మకం పత్రాలు. అవన్నీ చదివి, ఎనభై ఏళ్లు దాటిన రిటైర్డ్ కార్మికుణ్ణి డిపోజిషన్‌కి (కోర్టు బయట ప్రమాణం చేయించి తీసుకునే సాక్ష్యం) కూర్చోబెట్టి, డ్రమ్ములు కడిగిన నీళ్లు ఏ తూము గుండా పోయేవని అడగాలి. డిపోజిషన్‌కి మామూలుగా ఏడు గంటలే గడువు. అక్కడ గొంతు పెంచితే లాభం లేదు, ఆయనకి జ్ఞాపకం వచ్చేలా ఒక్కొక్క ఫొటో చూపిస్తూ పోవాలి. కోర్టులో నిలబడి వాదించే రోజులు ఏడాదిలో చాలా తక్కువ. ఇక్కడి ఇంగ్లీషు యాస రాదని మీరు భయపడుతుంటే దీనివల్లే ఆ భయం అనవసరం అంటున్నాను, ఫైలు మీద పట్టున్నవాళ్లనే ఈ పనిలో గౌరవిస్తారు.

నేనిప్పుడు చూసేది స్వచ్ఛ జల చట్టం కేసులు. నదిలోకి నీళ్లు వదిలే ప్రతి ఫ్యాక్టరీకీ పర్మిట్ ఉండాలి, ఏమేం ఎంతెంత వదిలామో వాళ్లే కొలిచి రిపోర్టు పంపాలి. అంటే ఉల్లంఘన జరిగిందని వాళ్లే సంతకం పెట్టి ఇస్తారు. ఆ లెక్కలు ఈపీఏ వారి ఎకో వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఒక వరసలో నెల సగటు పరిమితి, పక్కనే వాళ్లు వదిలింది. సగటు దాటితే ఆ నెలలో ప్రతి రోజునీ ఒక ఉల్లంఘనగా లెక్కగట్టిన తీర్పులున్నాయి, జరిమానా గరిష్ఠంగా రోజుకి 60 వేల డాలర్లకు పైనే, కాబట్టి కంపెనీలు దిగొస్తాయి. 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి మామూలు పౌరులే కేసు వేయొచ్చు. జరిమానా మాత్రం ప్రభుత్వ ఖజానాకే, గెలిస్తే లాయరు ఫీజు అవతలివాళ్ల నుంచి వస్తుంది.

చాలా కేసులు పడిపోయేది లోకస్ దగ్గర, అంటే కేసు వేసే అర్హత దగ్గర. మనకి పిల్ ఉంది, ఉత్తరం రాసినా కోర్టు తీసుకున్న సందర్భాలున్నాయి. ఇక్కడ నష్టం మీకే జరిగిందని చూపాలి. 2000లో లెయిడ్‌లా కేసులో సౌత్ కరోలినాలోని నార్త్ టైగర్ నదిలోకి ఒక ప్లాంటు పరిమితికి మించి పాదరసం వదిలింది, 489 సార్లు. అయినా సుప్రీంకోర్టు ముందు కేసు నిలబడింది ఆ చుట్టుపక్కల మనుషుల అఫిడవిట్ల వల్ల. ఇదివరకు ఈ నదిలో చేపలు పట్టేవాణ్ణి, వాసనకి భయపడి మానేశాను, ఇలాంటి మాటలు. ఆ అఫిడవిట్ బాగా రాయాలంటే మనిషి దగ్గర కూర్చుని ఓపిగ్గా వినాలి. చెరువు పక్క రైతుల చేత మాట్లాడించి కౌంటర్‌కి రిజాయిండర్ రాసిన మీలాంటివాళ్లకి ఇది కొత్త విద్యేమీ కాదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇప్పుడు మీరు చేయగలిగింది చెప్తా. రారిటన్ నది మీకు దగ్గరే. దాంట్లోకి నీళ్లు వదిలే ఒక ఫ్యాక్టరీ పర్మిట్ ఎంచుకుని ఎకోలో అయిదేళ్ల రిపోర్టులు చదవండి. మీ హైదరాబాద్ కేసుల్లో ఒకదాని మీద పది పేజీల మెమో రాయండి, ఇక్కడి పద్ధతిలో, ముందు ప్రశ్న, వెంటనే జవాబు, తర్వాత కారణాలు. కక్షిదారుల పేర్లు తీసేయండి. ఉద్యోగం అడిగిన ప్రతిచోటా రాత నమూనా అడుగుతారు, అప్పుడు అదే ఇవ్వాలి.

జవాబు (ప్రిన్స్‌టన్ నుంచి):

అన్నగారు చెప్పినదానికి వీసా సంగతి కలుపుతున్నాను. హెచ్-4 మీద చదువుకోవచ్చు, జీతం తీసుకోకూడదు, మీవారికి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయితే ఈఏడీకి, అంటే పని అనుమతికి, అప్లై చేయొచ్చు. ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారి ఎల్ఎల్ఎం చేస్తే ఏడాది ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) వస్తుంది, లా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోవ చదువు) కాదు కాబట్టి ఆ పైన రెండేళ్ల పొడిగింపు రాదు. జీతం లేకుండా లా ఆఫీసులో పని నేర్చుకుంటానని వెళ్లకండి, మామూలుగా జీతమిచ్చే పని ఉచితంగా చేసినా ఇమిగ్రేషన్ వాళ్లు ఉద్యోగం కిందే లెక్కేయొచ్చు, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఫెడరల్ న్యాయశాఖలో ఈ కేసులకే 1909 నుంచి ఒక విభాగం ఉంది కానీ పౌరసత్వం లేకుండా అక్కడ ఆశ పెట్టుకోవద్దు. బార్ లైసెన్సుకి మాత్రం పౌరసత్వం అక్కర్లేదు, 1973లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్స్ అన్నగారూ, మీకూ. ఒక చిన్న సందేహం, మా కాలేజీలో క్లాసులు సాయంత్రం జరిగేవి. అది ఇబ్బందా?

జవాబు (బ్రూక్లిన్ నుంచి):

కావచ్చమ్మా, పార్ట్ టైమ్ కింద లెక్కేస్తే మూడేళ్లు చాలవంటారు. వారానికి ఎన్ని గంటలు క్లాసులు జరిగాయో కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించి, ప్రిన్సిపాల్ సంతకంతో మీ కాగితాలతో పాటే పంపించండి. బోర్డు తక్కువైందంటే అప్పుడు ఎల్ఎల్ఎం చూద్దాం, ఏ కోర్సులు తీసుకోవాలో నాకు విడిగా మెయిల్ చేయండి.