సివిక్స్ పాఠాలన్నిటికీ డిజిటల్ మైండ్ మ్యాప్‌లేనా?

సోషల్ మేడమ్:
మా స్కూల్లో డిజిటల్ ప్యానెల్ పెట్టినప్పటి నుంచి సివిక్స్ పాఠాలన్నీ మైండ్ మ్యాప్‌లతోనే చెబుతున్నాను. నడుమ పాఠం పేరు, చుట్టూ కొమ్మలు. పాఠాన్ని ముక్కలు చేసేస్తున్నానని తోటి టీచర్లు కొందరంటున్నారు. నాకలా అనిపించట్లేదు. ఏ విషయం మీద కేంద్రం, ఏ విషయం మీద రాష్ట్రం, ఏ విషయం మీద ఇద్దరూ చట్టం చేయొచ్చో చెప్పే కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాలనే తీసుకోండి. పుస్తకంలో చూసి బట్టీ పట్టేస్తారు. నేను 'విద్య' అనే పెట్టెను ముందు రాష్ట్ర జాబితాలో ఉంచి, 1976లో వచ్చిన 42వ రాజ్యాంగ సవరణ గురించి చెబుతూ వాళ్ల కళ్లముందే ఉమ్మడి జాబితాలోకి లాగాను. అడవులను కూడా అలాగే. "ఇద్దరూ చట్టం చేస్తే, రెండూ వేరేగా ఉంటే ఏది చెల్లుతుంది టీచర్?" అని వెనక బెంచీ నుంచి అడిగారు. దానికి జవాబు చెప్పే రాజ్యాంగం 254వ అధికరణం పాఠం అక్కడే మొదలైంది. గోడ మీది చార్టుతో ఇది జరిగేదా?

పల్లెటూరి పంతులు:
ఆ పాఠానికి బాగా కుదిరింది మేడమ్. అన్నిటికీ అదే అంటేనే నా అభ్యంతరం. మైండ్ మ్యాప్‌లో నడుమ ఒకటే ఉంటుంది, మిగతావన్నీ దాని కిందికి పోతాయి. మా పిల్లల చేత పంచాయతీ పాఠానికి గీయిస్తే, ఎక్కువమంది సర్పంచ్ నుంచి కొమ్మ తీసి దాని చివర గ్రామ సభను పెట్టారు. గ్రామ సభ అంటే ఆ ఊరి ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లంతా! అడగాల్సింది సభ, లెక్క చెప్పాల్సింది సర్పంచ్. పైగా రంగులేసి అందంగా ఉంటుంది కాబట్టి ఆ తప్పే మనసులో నాటుకుంటుంది. పార్లమెంటు చేసిన చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేయగలదు, అక్కడి జడ్జిని తొలగించాలంటే పార్లమెంటు ఉభయ సభలూ ఓటెయ్యాలి. మరి ఎవరి కింద ఎవరిని గీయిస్తారు?

సోషల్ మేడమ్:
ఎవరి కిందా వద్దు మాస్టారూ. కొమ్మ నుంచి కొమ్మకు అడ్డంగా బాణం గీయించి, దాని మీద ఏం చేస్తుందో రాయించాలి: 'చట్టాన్ని కొట్టేస్తుంది', 'జడ్జిని తొలగిస్తుంది'. ఉత్త గీతకు మార్కుల్లేవు. ఫ్రీప్లేన్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇది వీలవుతుంది, నెట్ కూడా అక్కర్లేదు.

పదో తరగతి అమ్మ:
మా వాడి టీచర్ మ్యాప్‌లు తయారుచేసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. వాడికి గుర్తుంటున్నాయి కూడా. పరీక్షలో "గ్రామ సభ ఎందుకు అవసరం?" అంటే మాత్రం కొమ్మల మీది మాటలే వరసగా రాసేసి వస్తున్నాడు. పబ్లిక్ పరీక్షలు తలచుకుంటే టెన్షన్‌గా ఉంది.

పల్లెటూరి పంతులు:
టీచర్ చేసిచ్చిన మ్యాప్‌కీ గైడుకీ తేడా లేదమ్మా. గీయాల్సింది పిల్లలు. మేడమ్, మీ బాణాల మాట ఒప్పుకుంటున్నాను, కానీ గీసిన బాణాన్ని నోటితో పూర్తి వాక్యంగా చెప్పాకే ఇంకొకటి గీయనివ్వండి. ఒక్క ప్యానెల్‌తో అందరికీ వంతు రాదు. అందుకే నేనైతే ముందు నోటుబుక్కులో పెన్సిల్‌తో గీయించి, ఒకదానితో ఒకటి పొసగని రెండు మ్యాప్‌లనే తెర మీదికి తెస్తాను.

సోషల్ మేడమ్:
వాక్యం చెప్పించడం సోమవారం నుంచే మొదలుపెడతాను. నోటుబుక్కు దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేను. కాగితం మీద తప్పు గీసిన పిల్ల చెరిపితే మరక పడుతుందని అలాగే వదిలేస్తుంది. తెర మీదైతే వెంటనే బాణం తిప్పేసి, ఎందుకు తిప్పిందో కూడా చెబుతుంది.