పాపులేషన్ అంటే జనాభాయేనా? (హెర్రింగ్ చేప తెచ్చిన తంటా)

ఒక సైన్సు వ్యాసం తెలుగు చేస్తూ రెండు రోజులుగా ఒకే మాట దగ్గర ఆగిపోయాను. విషయం హెర్రింగ్ చేప. స్పీషీస్‌కి జాతి, జీనస్‌కి ప్రజాతి, సబ్‌స్పీషీస్‌కి ఉపజాతి, ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో స్థిరపడినవే, పేచీ లేదు. పాపులేషన్ స్ట్రక్చర్‌ని మాత్రం "జనాభా నిర్మాణం" అని రాసి మళ్ళీ చదివితే, ఎవరో చేపల ఇంటింటికీ తిరిగి లెక్కలు రాసుకొచ్చినట్టుంది. జనాభా అనగానే మనకి అంకె తోస్తుంది. ఇక్కడ ప్రశ్న ఎన్ని చేపలున్నాయని కాదు, ఏవి వేటితో కలిసి పిల్లల్ని కంటున్నాయి, ఏవి కలవట్లేదు అని. "తెగ" అంటే ఎలా ఉంటుంది? తెగు అన్న క్రియ అందులోనే వినిపిస్తోంది కూడా.

— తెగ చెవికి బాగుంది గానీ సరిగ్గా ఈ చేపకే అది నప్పదండీ. అట్లాంటిక్ హెర్రింగ్‌లో ఎక్కడా పూర్తిగా తెగలేదు. జన్యువుల్లో చాలా భాగం చూస్తే బాల్టిక్ సముద్రపు చేపకీ అట్లాంటిక్ చేపకీ తేడా దాదాపు కనపడదు. కొన్ని చోట్ల మాత్రం తేడా కొట్టొచ్చినట్టుంటుంది. మహాసముద్రంలో లీటరు నీటికి 35 గ్రాముల దాకా ఉప్పుంటే బాల్టిక్ ఉత్తరాన రెండు మూడు గ్రాములే, ఆ నీటికి తట్టుకునే జన్యువులు అక్కడ వేరు. అక్కడి నీళ్ళలో వెలుగు కాస్త ఎరుపు వైపు ఉంటుంది కాబట్టి కంటిలో వెలుగుని పట్టే రోడాప్సిన్ ప్రోటీన్‌లో 261వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారింది. ఒక్కటే!

— బాల్టిక్ చేపని విడిగా చూపింది స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్, 1761లో, మెంబ్రాస్ అన్న పేరుతో. అసలు స్వీడన్ వాళ్ళ వాడుకలోనే రెండు మాటలున్నాయి. బాల్టిక్ ఒడ్డున ఉన్న కాల్మార్ ఊరికి ఉత్తరాన పడితే స్ట్రోమ్మింగ్, దక్షిణాన పడితే సిల్. ఫిన్లాండ్‌లో సిలక్క, సిల్లి.

ఆ మెంబ్రాస్‌ని ఉపజాతి అంటారు కదా, అందులో నాకు గిట్టనిది "ఉప" అన్న ముక్క. ఉపనది వేరే నది, వచ్చి కలుస్తుంది. ఉపాధ్యక్షుడు అధ్యక్షుడి కింద వాడు. ఉపజాతి అలా కాదు కదా. జాతిని రెండుగా చీలిస్తే రెండూ ఉపజాతులే, అసలుది అంటూ పైన ఒకటి మిగలదు. జాతి పేరు క్లూపియా హరెంగస్, చీల్చాక బాల్టిక్ చేప క్లూపియా హరెంగస్ మెంబ్రాస్, అట్లాంటిక్ చేప పేరు క్లూపియా హరెంగస్ హరెంగస్ అయిపోతుంది. మన మాట వింటే మాత్రం బాల్టిక్ చేప ఏదో అసిస్టెంటు అనిపిస్తుంది.

— పసిఫిక్ హెర్రింగ్ కూడా ఒకప్పుడు ఇందులో ఉపజాతే, ఇప్పుడు క్లూపియా పల్లాసీ అని సొంత జాతి. ప్రమోషన్ వచ్చింది :)

— ఇంకో చిక్కు. ఇవి కొన్ని వసంతంలో గుడ్లు పెడతాయి, కొన్ని శరదృతువులో. గుడ్లు పెట్టే కాలానికి సంబంధించిన జన్యువులు చూస్తే బాల్టిక్ శరత్కాలపు చేప అట్లాంటిక్ శరత్కాలపు చేపకే దగ్గర, తన నీళ్ళలోనే ఉన్న వసంతపు చేపకి కాదు. ఉప్పు చూసి గీత గీస్తే ఒక చోట పడుతుంది, రుతువు చూసి గీస్తే ఇంకో చోట. ఉపజాతి అన్న మాట ఒక్క గీతనే ఒప్పుకుంటుంది. అందుకే మీ వ్యాసానికి అసలు మాట పాపులేషనే, దానికి పేరు దొరకాల్సిందే.

— సరే, తెగ వదిలేశాను. కలిసి ఈదేదానికి "మంద", పాపులేషన్‌కి "గుంపు" అని మొదటి పేరాలోనే చెప్పేసి, స్ట్రక్చర్‌ని ఒక్క మాటలో ఇరికించకుండా "గుంపులు జన్యుపరంగా ఎంత విడివడ్డాయి" అని వాక్యంగానే రాస్తాను. ఉపజాతిని ఏమీ చేయలేను, పాతుకుపోయింది. పక్క పేజీలోనే స్టాక్ అని ఇంకోటుంది, చేపల వేట లెక్కల వాళ్ళ మాట, ఒక్కటిగా లెక్కేసే చేపల సముదాయం అని. నిల్వ అని రాస్తే కోల్డ్ స్టోరేజీలో ఉన్న చేపలనుకుంటారు. దానికేమైనా తడితే చెప్పండి.